తొమ్మిది మార్కుల గొంతు

అప్పు తీర్చే బుద్ధి మనిషి ఒంట్లో ఏ భాగంలో ఉంటుంది? వైద్యులు ఈ ప్రశ్న వేసుకోలేదు. తత్వవేత్తలు వేసుకున్నారు గాని, జవాబు దగ్గరకు వచ్చేసరికి వేరే విషయాల్లోకి వెళ్ళిపోయారు. అప్పులిచ్చేవాళ్ళు మాత్రం తరతరాలుగా వెతుకుతూనే ఉన్నారు. కొందరు ముఖంలో వెతికారు, కొందరు చెప్పుల్లో వెతికారు, మరికొందరు ఇంటిపేరులో వెతికారు. ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. అయినా కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక కాజాల కొట్టు మేడమీద, ప్రద్యుమ్న అనే ముప్పై నాలుగేళ్ళ ఇంజనీరు అది గొంతులో ఉంటుందని నిర్ణయించాడు. నిర్ణయించి ఊరుకోలేదు. ఒక యంత్రం తయారుచేసి, ‘స్వరతుల’ అని పేరు పెట్టి, దానికి నీలం రంగు వేయించాడు.

పెమ్మరాజు దమయంతికి మొదట నచ్చనిది ఆ రంగే. జవాబు తెలియని ప్రశ్నకు రంగు వేయడం ఆమె దృష్టిలో అశాస్త్రీయం. ముప్పై మూడేళ్ళు కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి ఆమె. వయసు అరవై ఏడు. ప్రద్యుమ్న ఆమె శిష్యుడే. సంభావ్యత పేపరులో వాడికి ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాయని ఆమెకు ఇప్పటికీ గుర్తుంది. వాడికి గుర్తు లేదు.

ప్రద్యుమ్న నడిపే వేదిక పేరు ‘చేబదులు’. మధ్యలో బ్యాంకు ఉండదు. చేతిలో వెయ్యో రెండువేలో మిగిలినవాళ్ళు ఫోనులో ఇతరుల అర్జీలు చదివి, నచ్చినవాళ్ళకు అప్పిస్తారు. కావలసిన మొత్తం గడువులోగా పూర్తిగా పోగైతే అప్పు పుడుతుంది, లేకపోతే ఎవరి డబ్బు వాళ్ళకు వెనక్కు పోతుంది. అర్జీలు వేలల్లో రావడంతో వాటిని వడకట్టే పని స్వరతులకు అప్పగించారు. అయితే యంత్రం ఏ అర్జీని కాదన్నా, ఆ కాగితం కింద ఒక మనిషి సంతకం ఉండితీరాలని ఆ రోజుల్లో నిబంధన ఉండేది. ఆ మనిషిని ‘మానవ సాక్షి’ అనేవారు. సంతకానికి పదిహేను రూపాయలు ఇచ్చేవారు. చదవకుండా సంతకం చేసే మనిషైతే రోజుకు నాలుగు వందల సంతకాలు చేయవచ్చు. దమయంతి చదివేది. ఆమె రోజుకు పదకొండు చేసేది.

సోమవారం పదకొండు గంటలకు కొప్పిశెట్టి లోవ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. జగన్నాథపురంలో ఇంటి ముందుగదిలో కుట్టుపని. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేసింది.

“నీక్కావలసింది మామూలుగా చెప్పమ్మా,” అన్నాడు ప్రద్యుమ్న.

“ఎవరికండి?”

“ఇదిగో, ఈ గుండ్రటిదానికి.”

లోవ జల్లెడలా ఉన్న ఆ మైకుకేసి చూసి, రెండు చేతులూ జోడించింది. “బాగున్నారాండి?”

మైకు పలకలేదు.

“ఎండలు మండిపోతన్నాయండి ఈయేడు. తవరికి ఇక్కడ ఏసీ ఉంది కాబట్టి పర్లేదనుకోండి.” కుర్చీ అంచుకు జరిగింది. “మరేం లేదండి. ఇటేపు పనుండి వచ్చేనండి. ఊరికేనే, ఓసారి కనపడి పోదారని.”

“అసలు విషయానికి రామ్మా.”

“వత్తన్నానండి. నోరు రావట్లేదండి. పోనీ ఇంకోసారి వత్తానండి.”

లోవ లేచింది, గుమ్మందాకా వెళ్ళింది, తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. అప్పుడు, వెనక్కు తిరక్కుండా, తలుపుతో చెబుతున్నట్టు మొదలుపెట్టింది. “ఓ నలభై ఐదు వేలు కావాలండి.” కొత్తగా అప్పు అడిగే మర్యాదస్తులు ఆ సంగతి గుమ్మం దగ్గరే అడుగుతారని యంత్రానికి ఎవరూ చెప్పలేదు. ప్రద్యుమ్న మైకు ఊడదీసుకుని, వైరు ఈడ్చుకుంటూ పరుగెత్తాడు. వైరు చాలలేదు. బల్ల కూడా జరిగింది.

సంగతి ఇది. ఒక స్కూలు వాళ్ళు మూడు వందల జతల యూనిఫారాలు కుట్టమన్నారు. ఓవర్‌లాక్ మిషను లేకపోతే అంచులు పీచులు లేస్తాయి, స్కూలువాళ్ళు తీసుకోరు. సినిమా రోడ్డులో ఒక కొట్లో పాత మిషను ఉంది. శనివారం సాయంత్రం ఐదున్నరదాకా ఎవరికీ అమ్మకుండా ఉంచుతామన్నారు. ఆలోగా డబ్బు కట్టకపోతే మిషను పోతుంది, మిషను పోతే యూనిఫారాలు ఏదో కంపెనీకి పోతాయి, యూనిఫారాలు పోతే ఏడాది పొడవునా చిరుగులకు అతుకులు వేస్తూ బతకాలి. నాలుగు నెలల్లో తీర్చేస్తానంది.

తెర మీద అంకె వెలిగింది. 9.

“తొమ్మిదాండి? పదికాండి?”

“నూటికమ్మా.”

“మొదటిసారి కదండీ, భయమేసింది. ఇంకోసారి చెప్తే పెరుగుద్దాండి?”

పెరగదన్నాడు ప్రద్యుమ్న. తిరస్కరణ కాగితం దమయంతి ముందు పెట్టాడు. ఆమె కలం మూత తీసింది, కాగితం చదివింది, మూత పెట్టింది.

“కారణం ఏది?”

“యంత్రం కారణం చెప్పదు మేడమ్. మార్కే చెబుతుంది.”

“నేను ముప్పై మూడేళ్ళు పేపర్లు దిద్దాను. మార్కు వేసి కారణం చెప్పలేని ఎగ్జామినరును ఒక్కణ్ణే చూశాను. ఆయన పేపర్లు చదివేవాడు కాదు.”

ప్రద్యుమ్న నొచ్చుకున్నాడు. “పన్నెండు వేల గొంతులు మేడమ్! మూతబడ్డ ఒక ఫైనాన్స్ కంపెనీ ఫోను రికార్డింగులు, దస్త్రాలు మొత్తం కొన్నాను. అప్పు అడిగేటప్పుడు స్వరతంత్రులు సన్నగా అదురుతాయి. ఆ అదురు ఎవరి అదుపులోనూ ఉండదు. అడిగినప్పుడు ఎవరి గొంతు ఎలా అదిరిందో, తర్వాత వాళ్ళు ఎన్నిసార్లు తీర్చారో, రెండూ జతచేసి నేర్పించాను. శనివారం హైదరాబాదు నుంచి పెట్టుబడిదారు వస్తున్నారు. సంతకం కాని కాగితం ఒక్కటున్నా బాగుండదు.”

“శనివారమే చెబుతాను. అందాకా నువ్వు వెళ్ళమ్మా.”

“ఆయ్, అలాగేనండి,” అని లోవ మైకుకు కూడా దండం పెట్టి వెళ్ళింది.

మర్నాడు దమయంతి కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. ఆమె భర్త చిదంబరం అది పట్టుకుని మెట్లెక్కాడు. సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, ఊళ్ళో ప్రతి వీధిలోనూ పరిచయస్తులున్నవాడు. దమయంతి లెక్కలో ఆయన ఇతరులకు తిరిగి ఇవ్వవలసినవి ఇవి: కింది అంతస్తు వకుళ గారి నిచ్చెన, తొమ్మిదేళ్ళుగా, రెండు గొడుగులు, ఒక ఇత్తడి కూజా.

“ఇదేనా మీ అగ్నిపరీక్ష? మేమూ ఓ మాట అనొచ్చా?” అంటూ చిదంబరం మైకు ముందు కుర్చీ లాక్కుని, కాలు మీద కాలు వేసుకున్నాడు. “ఏమండోయ్ ప్రద్యుమ్న గారూ! తమరి దగ్గరో పదివేలు ఉంటే సర్దుతారా? ఒకటో తారీకు పొద్దున్నే, తమరు కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే టయానికి, తమరి గుమ్మంలో ఉంటాను.”

యంత్రం గంట మోగించింది. దానికి గంట ఉన్న సంగతి అప్పటిదాకా దమయంతికి తెలియదు. తెర మీద 97.

“మేడమ్!” అని ప్రద్యుమ్న గట్టిగా అరిచాడు. “ఇది రికార్డు! సార్ ఫొటో గోడకు పెట్టాలి!”

“పెట్టే ముందు ఆ గోడ ఎవరి దగ్గర ఎరువు తెచ్చారో కనుక్కో,” అని దమయంతి తానే వెళ్ళి మైకు ముందు కూర్చుంది. ఆమె జీవితంలో ఎవరినీ ఏమీ అడిగి ఎరగదు. పాలు తోడుపెట్టడానికి పక్కింటినుంచి చెంచాడు పెరుగు కూడా తెచ్చి ఎరగదు. ఇంట్లో తోడు లేకపోతే ఆ పూట పాలు కాచి తాగేసేవారు. “నాకు పదివేల రూపాయలు కావాలి,” అంది. అక్కడికి బాగానే ఉంది. “నాలుగు నెలల్లో తిరిగి...” అనేసరికి గొంతులో ఏదో అడ్డుపడింది. దగ్గవలసి వచ్చింది.

11.

“పోన్లే దమయంతీ,” అన్నాడు చిదంబరం జాలిగా. “ఫెయిలైనవాళ్ళలో మంచి మార్కే.”

మార్కులు ‘చేబదులు’లో ఎవరికైనా కనిపిస్తాయి. బుధవారానికల్లా అపార్టుమెంటులో అందరూ చూసేశారు. పాలవాడు ఇరవై ఏళ్ళలో మొదటిసారి దమయంతిని అడ్వాన్సు అడిగాడు. కూరగాయలమ్మే ఆవిడ ముందు డబ్బు చేతిలో పడ్డాకే వంకాయలు తూచింది. పెళ్ళిసంబంధాలు చూసే ఒకాయన వచ్చి, మీ బంధువుల్లో ఎనభై మార్కులు దాటిన కుర్రాళ్ళుంటే చెప్పండి, జాతకం లేకపోయినా ఫర్వాలేదన్నాడు. అసోసియేషన్ వారు అత్యవసర సమావేశం పెట్టి, చిదంబరాన్ని ఏకగ్రీవంగా కోశాధికారిని చేశారు. తీర్మానాన్ని బలపరిచినది వకుళ గారే.

“పిన్నిగారూ, మీరేం అనుకోకండి,” అందామె లిఫ్టులో. “బాబాయిగారంతటి మనిషి పక్కనుంటే ఎవరికైనా పదకొండే వస్తాయి.”

“మీ నిచ్చెన ఎక్కడుందమ్మా?”

“బాబాయిగారి దగ్గరేనండి. అంత భద్రం ఇంకెక్కడుంటుంది!”

దమయంతికి కోపం వచ్చినప్పుడు గొంతు పెరగదు, దస్తూరి చిన్నదవుతుంది. బుధ, గురువారాలు ఆమె కాజాల కొట్టు మేడమీదే కూర్చుని, ఆ ఫైనాన్స్ కంపెనీ దస్త్రాలన్నీ తిరగేస్తూ, చీమ తలంత అక్షరాలతో నలభై పేజీలు నింపింది. యంత్రానికి ఎక్కువ మార్కులు నేర్పిన గొంతులు ఎవరివో విడదీసింది. ఒక్కొక్కరు ముప్పైసార్లు, ముప్పై ఒక్కసార్లు అప్పు తీర్చినట్టుంది. తక్కువ మార్కులు నేర్పిన గొంతులవాళ్ళు ఒక్కొక్కసారే తీర్చారు.

“ప్రద్యుమ్నా, ముప్పై ఒక్కసార్లు తీర్చినవాడు ముప్పై ఒక్కసార్లు తీసుకున్నాడన్న మాట.”

“అవును మేడమ్, నమ్మకమైన ఖాతాదారు.”

“వీళ్ళంతా ఇంత బుద్ధిమంతులైతే, ఆ కంపెనీ ఎందుకు మూతబడింది?”

ప్రద్యుమ్న ఒక దస్త్రం తెరిచాడు. కింద కొట్లో కాజాలు పాకంలో వేస్తున్న చప్పుడు వినబడింది. దస్త్రం మూశాడు.

“నువ్వెప్పుడైనా ప్రోనోటు తిరగరాయడం చూశావా?”

చూడలేదు. సంపాదన మొదలైనప్పటినుంచీ ఫోనులోనే డబ్బు చూసినవాడు. దమయంతి చెప్పింది. ఈ ప్రాంతంలో నోటు గడువు దాటి, చేతిలో డబ్బు లేకపోతే, అప్పు తీసుకున్నవాడు వచ్చి కూర్చుంటాడు. పాత నోటు మీద ‘చెల్లు’ అని రాస్తారు. వడ్డీ కూడా అసలులో కలిపి కొత్త నోటు రాస్తారు. ఇద్దరూ కాఫీ తాగుతారు. ఒక్క రూపాయి కూడా ఇటు నుంచి అటు కదలదు. “చెల్లు అని కనిపించినచోటల్లా నువ్వు అప్పు తీరిందని లెక్కవేశావు. పాత నోటు చెల్లు రాసిన తేదీ చూడు. కొత్త నోటు తేదీ చూడు. రెండూ ఒకటే. ముప్పై ఒక్కసార్లూ ఒకటే. ఇతను అసలు ఏనాడూ తీర్చలేదు. ఇటు చూడు, ఈవిడ గేదె జబ్బుపడితే ఒక్కసారి తీసుకుంది, ఎనిమిది నెలలు ఆలస్యంగా, గేదెనే అమ్మి తీర్చింది. ఒక్క చెల్లు. నీ యంత్రం ఈవిడ గొంతు విని ఇలాంటి గొంతులను నమ్మవద్దని నేర్చుకుంది.”

ప్రద్యుమ్న కుర్చీలో కూలబడ్డాడు. “పన్నెండు వేల గొంతులు, మేడమ్.”

“సంభావ్యతలో నీకు నిజంగా వచ్చినవి ముప్పై రెండు. ఆరు మార్కులు నేను కలిపాను. తప్పు అక్కడ మొదలైంది. నాదే.”

ఆమె ఆ రోజు పుస్తకంలో చివరి వాక్యం రాసింది: ‘ఈ యంత్రం అప్పు తీర్చేవాళ్ళను గుర్తుపట్టదు. అప్పు తిప్పేవాళ్ళను గుర్తుపడుతుంది.’ చుక్క పెట్టబోయి ఆగింది. తొంభై ఏడు గుర్తొచ్చింది.

అయితే ఒక పని మధ్యలో వదిలి ఇంకొకటి మొదలుపెట్టే అలవాటు ఆమెకు లేదు. ముందు జగన్నాథపురం వెళ్ళింది. గొంతు సాక్ష్యం పనికిరాదని తేలింది కాబట్టి, ఇంకో సాక్ష్యం చూడాలి.

లోవ గదిలో ఒక పాత కుట్టుమిషను, ఒక స్టూలు, గోడకు తాడు. తాడుకు వరసగా గుప్పెడంత మూటలు వేలాడుతున్నాయి. ప్రతి మూటకూ ఒక పేరు చీటీ.

“ఇవేమిటమ్మా?”

“మిగులు ముక్కలండి. జాకెట్లు కుట్టగా మిగుల్తాయి కదండి. ఎవరియి ఆళ్ళకి ఇచ్చేత్తానండి. కొందరు మర్చిపోయి ఎల్లిపోతారండి, అందుకని కట్టి ఎట్టేను.”

దమయంతి ఒక మూట విప్పించింది. అరచేయంత పట్టుముక్క, రెండు వేళ్ళంత జరీ అంచు. “ఈవిడ ఎప్పుడు కుట్టించుకుంది?”

“ఏడేళ్ళయ్యిందండి. తణుకు ఎల్లిపోయేరంట. వత్తారు కదండీ ఎప్పటికైనా.”

దమయంతి తన జీవితంలో సుమారు రెండు వందల జాకెట్లు కుట్టించుకుంది. మిగిలిన ముక్క తిరిగి ఇచ్చిన దర్జీని ఆమె ఎన్నడూ చూడలేదు. ముక్క మిగిలిందని ఒప్పుకున్న దర్జీని కూడా చూడలేదు. ఒక యూనిఫారం చొక్కా తిరగేసి, కుట్టుకు స్కేలు ఆనించి చూసింది. వెంట్రుకవాసి కూడా పక్కకు పోలేదు.

“కూచోండమ్మగారూ, టీ ఎట్టనా?”

“వద్దు. నేను పరీక్షకు వచ్చాను.”

“అయ్య బాబోయ్, మళ్ళీనాండి?”

“అయిపోయింది. నువ్వు పనిచేసుకో.”

శుక్రవారం మధ్యాహ్నం చిదంబరం పనసపొట్టు కూర రెండోసారి వడ్డించుకుంటూ ఉండగా, దమయంతి ఎదురుగా కూర్చుని, పుస్తకం తెరిచి, కలం మూత తీసింది.

“ఎంతమంది?”

“ఏమిటి ఎంతమంది?”

“మీరు ఎంతమందితో తిప్పుతున్నారు?”

చిదంబరం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆవపెట్టిన కూర కాబట్టి కళ్ళలో నీళ్ళకు ఒక సాకు దొరికింది. “తొమ్మండుగురు,” అన్నాడు. “ఇద్దరు పోయారనుకో. వాళ్ళబ్బాయిలతో తిప్పుతున్నాను.”

“ఎప్పటినుంచి?”

“ముప్పై ఒక్క ఏళ్ళు.”

“మొదట ఎంత?”

“మూడు వేలు. సుందరం దగ్గర తీసుకున్నాను. సుందరానికి తీర్చడానికి మూర్తి దగ్గర మూడు వేల ఇరవై. మరి సుందరం ఇంటికి రిక్షా ఉంటుంది కదా. మూర్తికి తీర్చడానికి జోగారావు దగ్గర. వాడు సామర్లకోటలో ఉండేవాడు, బస్సు ఖర్చు. వెళ్ళినవాణ్ణి ఉత్త చేతులతో ఎలా వెళతాను, వాళ్ళ పిల్లలకు కాజాలు...”

“ఇప్పుడు ఎంత?”

“ఎనభై ఆరు వేలు.”

దమయంతి రాసింది, తీసివేసింది, కింద గీత గీసింది. “మూడు వేలు అప్పు. ఎనభై మూడు వేలు ఆ అప్పు తీర్చడానికి వెళ్ళివచ్చిన ఖర్చు. వడ్డీ?”

“ఛ, ఛ! స్నేహితులు. వడ్డీ ఏమిటి, అసహ్యంగా.”

“ఆ మూడు వేలు ఎందుకు తీసుకున్నారు?”

చిదంబరం విస్తట్లో అన్నం గట్టు కట్టి, మళ్ళీ చెరిపాడు. “నీ థీసిస్. టైపింగు, బైండింగు, వైజాగు వెళ్ళి వైవా... నువ్వేమో ఒకరి దగ్గర రూపాయి తెస్తే చదువే మానేస్తానని కూర్చున్నావు. డి.ఏ. బకాయిలు వచ్చాయని చెప్పాను. బకాయిలేమీ రాలేదు దమయంతీ.”

పక్కగదిలో ఆ థీసిస్ ఉంది. ఎర్ర కాలికో బైండు, బంగారు అక్షరాలు. ‘నమూనా ఎంపికలో దోషాలు’ దాని పేరు. దాని వల్లే ఉద్యోగం పర్మనెంటయింది, దాని వల్లే రిటైరయ్యేదాకా ఆమె పిల్లలకు నిక్కచ్చిగా బతకడం ఎలాగో చెప్పింది. చెంచాడు పెరుగు తోడు తెచ్చుకోని ఇంట్లో, ఆమె ముప్పై ఒక్క ఏళ్ళుగా అప్పులో ఉంది. ఆ సంగతి తెలియని ఒకే ఒక్క మనిషి తనే.

ఆమె చాలాసేపు కలం మూత కోసం వెతికింది. అది ఆమె చేతిలోనే ఉంది.

“అసోసియేషనుకు అరగంటలో రాజీనామా రాయండి,” అంది చివరికి. “నిచ్చెన ఈ పూటే దింపండి. సోమవారం నా డిపాజిట్టు తీస్తాను. తొమ్మిది ఇళ్ళకూ ఇద్దరం కలిసి వెళదాం.”

“ఆటోలో...”

“సామర్లకోటకు తప్ప, నడిచి.”

శనివారం పదకొండు గంటలకు పెట్టుబడిదారు వచ్చాడు. పేరు కశ్యప్. చక్కటి మర్యాద, చక్కటి బూట్లు. ప్రద్యుమ్న రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. తనే లేచి, తడబడుతూ, తప్పు ఎక్కడ జరిగిందో మొత్తం చెప్పేశాడు. నోట్లు, చెల్లు, తిరగరాతలు. దమయంతి అప్పుడు మనసులో వాడికి ఆ ఆరు మార్కులూ మళ్ళీ కలిపింది.

కశ్యప్ ఓపిగ్గా విన్నాడు. “అంటే, ఈ యంత్రం పట్టుకునే మనిషి అప్పులోంచి ఎప్పటికీ బయటపడడు.”

“పడడండి,” అన్నాడు ప్రద్యుమ్న నేలచూపులు చూస్తూ.

“ప్రతి గడువుకీ మళ్ళీ తీసుకుంటాడు. పుస్తకాల్లో మాత్రం ప్రతిసారీ తీర్చినట్టే ఉంటుంది.”

“అవునండి.”

“అద్భుతం,” అన్నాడు కశ్యప్. “మ్యామ్, ఆ పాత కంపెనీ మూతబడేముందు ఎన్నేళ్ళు నడిచింది?”

“పదకొండేళ్ళు,” అంది దమయంతి.

“మాకు నాలుగు చాలు. ఐదో ఏడు ఇంకొకరికి అమ్మేస్తాం.” లేచి ప్రద్యుమ్న భుజం తట్టాడు. “తప్పు అనకండి. అదే అసలు ఆవిష్కరణ. రంగు కూడా బాగుంది.”

వెళుతూ వెళుతూ, ఇంకో మాట చెప్పాడు. వచ్చే నెలనుంచి మానవ సాక్షి నిబంధన ఎత్తివేస్తున్నారట. సంతకాలకయ్యే ఖర్చు మిగులుతుందట. తర్వాత కింద కొట్లో కిలో కాజాలు కట్టించుకున్నాడు. డబ్బు ప్రద్యుమ్న ఇచ్చాడు.

మేడమీద నీలం యంత్రం, ఇద్దరు మనుషులు, ఒక కాగితం మిగిలారు. టైము పన్నెండు దాటింది.

“వచ్చే నెలనుంచి కదా,” అంది దమయంతి. “ఇవాళ నా సంతకానికి విలువ ఉన్నట్టేనా?”

“ఉంది మేడమ్. మీరు తిరస్కరణకు ఒప్పుకోకపోతే అర్జీ నేరుగా జనం ముందుకు పోతుంది. తొమ్మిది మార్కులూ కనిపిస్తాయి, పక్కన మీ అభిప్రాయం కూడా కనిపిస్తుంది.” వాడు కాగితం ముందుకు జరిపి, “రాయండి మేడమ్,” అన్నాడు.

ఆమె రాసింది. దస్తూరి మామూలు సైజులోనే ఉంది.

‘అర్జీదారు కొప్పిశెట్టి లోవ ఇదివరకు ఎవరినీ అప్పు అడగలేదు, కాబట్టి ఆమెకు అడగడం రాదు. యంత్రం తొమ్మిది మార్కులు వేసినది అడగడానికి, తీర్చడానికి కాదు. ఇదే యంత్రం తొంభై ఏడు మార్కులు వేసిన వ్యక్తితో నేను నలభై రెండేళ్ళుగా కాపురం చేస్తున్నాను. ఆయన మంచివారు, కాని ఆయనకు అప్పు ఇవ్వకండి. పదకొండు మార్కులు వచ్చిన మనిషిని నేనే. నేనూ ముప్పై ఒక్క ఏళ్ళుగా అప్పులో ఉన్నానని నిన్న తెలిసింది, సోమవారం తీరుస్తున్నాను. లోవ ఇతరుల జాకెట్టు ముక్కలను ఏడేళ్ళుగా పేర్లు రాసి భద్రపరుస్తోంది. ఆమె కుట్టు సూటిగా ఉంది. నేను స్కేలు పెట్టి చూశాను. తిరస్కరణకు సంతకం చేయను.’

ఒక అర్జీకి మనిషికి వెయ్యే ఇవ్వాలి, కాబట్టి నలభై ఐదు మంది కావాలి. ఒంటిగంటకు ముగ్గురు ఇచ్చారు. రెండున్నరకు పద్నాలుగు. మూడు గంటలకు వకుళ గారు ఇచ్చారు, నిచ్చెన చేరిందని ఒక వాక్యం కూడా జతచేశారు. నాలుగింటికి లోవ వచ్చి, ఈసారి మైకుకు దూరంగా గుమ్మంలోనే కూర్చుని, తెర మీది అంకె అంత దూరానికి కనపడక ప్రతి ఐదు నిమిషాలకూ అడుగుతోంది. “ఎంతయ్యిందండి?”

“ముప్పై ఎనిమిది,” అన్నాడు ప్రద్యుమ్న.

“నూటికాండి?”

“కాదమ్మా. నలభై ఐదుకి.”

ఐదు గంటలకు నలభై నాలుగైంది. అక్కడ ఆగింది. పది నిమిషాలు గడిచినా కదలలేదు. సాక్షి అప్పు ఇవ్వకూడదని, వేదిక నడిపేవాళ్ళూ ఇవ్వకూడదని నిబంధన. సాక్షి కుటుంబ సభ్యులూ ఇవ్వకూడదు. ఆ సంగతి తెలియని చిదంబరం మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ, “ఒక్క వెయ్యే కదా, నేను మూర్తిగారబ్బాయి దగ్గర తెస్తాను,” అన్నాడు.

“కూర్చోండి,” అంది దమయంతి.

చిదంబరం కూర్చున్నాడు. లోవ మెడలోని టేపు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. సినిమా రోడ్డులో ఐదున్నరకు షట్టరు దించేస్తారు. ఇప్పుడు ఐదూ పది.

నలభై ఐదో చోటు ఖాళీగా ఉంది. చదువుతున్న మీరు సాక్షి కారు, ప్రద్యుమ్న కారు, చిదంబరానికి చుట్టం కారు. తొమ్మిది మార్కులు ఎందుకు వచ్చాయో మీకు తెలుసు, తొంభై ఏడు ఎందుకు వచ్చాయో కూడా తెలుసు. ఆలోచించుకుని మళ్ళీ కనిపిస్తాననకండి, గుమ్మందాకా వెళ్ళి వెనక్కు తిరగకండి. ఇస్తారా, ఇవ్వరా? ఇవ్వకపోతే, కారణం రాసి, కింద సంతకం పెట్టండి.